వెలిసిన మేలుకట్టు

పడవలో కూర్చున్నవారికి ఎండ తగలకుండా, వాన తడపకుండా గుంజల మీద బిగించి కట్టే గుడ్డను తెలుగులో మేలుకట్టు అనవచ్చు. ఇక్కడ మేలు అంటే మంచి అని కాదు, పైభాగం అని అర్థం. పైన కట్టినది కనుక మేలుకట్టు. సంస్కృతంలో దీనిని వితానమనీ, ఉల్లోచమనీ అంటారు. ఉర్దూతో చిరకాల పరిచయం ఉన్న తెలంగాణలో చాందినీ అనే మాట కూడా వినిపిస్తుంది. ప్రాచీన కావ్యాలలో రాజుల కొలువుకూటాలకు, పెండ్లిపందిళ్ళకు, దేవుని పీఠాలకు కట్టిన మేలుకట్ల వర్ణనలు కనిపిస్తాయి. అవి పట్టువి, జరీవి. చాలావరకు నీడపట్టున ఉండేవి. పడవ మీది మేలుకట్టుకు అంతటి భాగ్యం లేదు. అందరికీ నీడనిచ్చే దానికి తనకంటూ నీడ ఉండదు. అందువల్లనే దాని రంగు త్వరగా పోతుంది.

అలా రంగు పోయిన గుడ్డను చూసినప్పుడు సాధారణంగా రెండు రకాల మాటలు వినవస్తాయి. గట్టిగా ఉతికితే కొత్తదవుతుందని కొందరు అంటారు. ఇక పారవేయక తప్పదని మరికొందరు అంటారు. ఈ రెండూ గుడ్డను పరీక్షించకుండా చెప్పిన తీర్పులే. గుడ్డ పాడు కావడమనేది ఒక్కటే దశ కాదని తెలుగు భాషకు ఎప్పుడో తెలుసు. మట్టి, జిడ్డు పట్టిన బట్టను ‘మాసింది’ అంటాం. రంగు తగ్గిన బట్టను ‘వెలిసింది’ అంటాం. పోగు సత్తువ కోల్పోయి, పట్టుకుంటే చిరిగిపోయే బట్టను ‘చివికింది’ అంటాం. ఈ మూడు క్రియలలో ఒకటి చెప్పవలసిన చోట మరొకటి చెప్పేవారు పల్లెలలో ఉండరు. మేలుకట్టును బాగు చేయదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది కూడా ఇదే. ఆ గుడ్డ మాసిందా, వెలిసిందా, చివికిందా?

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నకు మంచి అవకాశమే ఉంది. గోదావరి బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం వంటి క్షేత్రాలను ఆనుకొని ప్రవహిస్తుంది. కడెం, మానేరు, ప్రాణహిత అందులో కలుస్తాయి. 2016లో జిల్లాల పునర్విభజన జరగక ముందు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ గోదావరే చాలా దూరం ఎల్లగా ఉండేది. వంతెనలు రాని రోజులలో ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు పడవే దారి. వంతెనలు పెరిగిన కొద్దీ రేవు దాటించే పడవల అవసరం తగ్గి, విహారానికి తిరిగే పడవల సంఖ్య పెరిగింది. కరీంనగర్ పట్టణాన్ని ఆనుకొని మానేరు నది మీద 1974లో మొదలై 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయం అటువంటి విహారస్థలాలలో ఒకటి.

ఈ ప్రాంతపు ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో కరీంనగర్, రామగుండం, మంచిర్యాల పరిసరాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. కరీంనగర్ సుమారు 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ఏడాదిలో రెండుసార్లు, మే నెల నడుమ ఒకసారి, జూలై చివర మరొకసారి, మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. జూలైలో మబ్బులు అడ్డుపడవచ్చు. మే నెలలో ఆ ఉపశమనమూ ఉండదు. ఉదయం, సాయంకాలం వాలుగా పడే వెలుగు నీటి మీద ప్రతిఫలించి మేలుకట్టు అడుగు వైపును కూడా తాకుతుంది. చలికాలం వస్తే ఆదిలాబాద్ వైపు రాత్రి చలికి మంచు కురిసి గుడ్డ తెల్లవారేసరికి తడిసి ఉంటుంది. ఎండకు ఎండడం, వానకు నానడం, మంచుకు చెమ్మగిల్లడం అనే మూడు తాకిడులకూ ఏటేటా గురి అయ్యే గుడ్డ ఇది.

మొదట మాసిన గుడ్డ సంగతి చూద్దాం. వెలిసినట్టు కనిపించే మేలుకట్లలో చాలావరకు నిజానికి మాసినవే. నదీజలం తుంపరలుగా పడి ఆరినప్పుడు అందులోని సున్నపు లవణాలు, సన్నని ఒండ్రు గుడ్డ మీద తెల్లటి పొరగా మిగిలిపోతాయి. దాని మీద దారుల దుమ్ము చేరుతుంది. బొగ్గు గనుల వైపు అయితే నల్లని ధూళి చేరుతుంది. చెమ్మ నిలిచిన మడతలలో బూజు నల్లని చుక్కలుగా పుడుతుంది; నీడ, తడి కలిసిన చోట నాచు పచ్చగా పాకుతుంది. పక్షుల రెట్ట వీటన్నిటికన్నా మొండిది. అందులోని యూరిక్ ఆమ్లం గుడ్డకు పట్టుకొని, ఎండిన కొద్దీ గట్టిపడుతుంది. ఇవన్నీ కలిసి అసలు రంగును కప్పివేస్తాయి. రంగు ఎక్కడికీ పోలేదు, కనబడకుండా ఉన్నదంతే.

ఈ తేడా తెలుసుకోవడానికి సులభమైన ఉపాయం ఒకటి ఉంది. మేలుకట్టు అంచును మడిచి కుట్టి ఉంటారు. ఆ మడత లోపలికి ఎండ గాని, దుమ్ము గాని దాదాపుగా చేరవు. నాలుగు కుట్లు విప్పి చూస్తే గుడ్డ కొన్ననాటి రంగు అక్కడ భద్రంగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ మడత పక్కనే బయట ఉన్న భాగంలో అరచేయి వెడల్పు మేర మెత్తగా కడిగి, ఆరనిచ్చి, రెండింటినీ పోల్చాలి. రెండూ ఒకటే అయితే గుడ్డ మాసింది మాత్రమే. కడిగిన చోటు శుభ్రమై కూడా పాలిపోయి ఉంటే అది వెలిసింది. ఈ చిన్న పరీక్ష చేయకుండా గుడ్డ మొత్తాన్ని నీటిలో వేయడం తొందరపాటు.

కడగడంలో కూడా ఒక క్రమం ఉంది. గుడ్డ పొడిగా ఉన్నప్పుడే మెత్తని చీపురుతో గాని, కుంచెతో గాని దుమ్ము దులపాలి. దుమ్ము దులపకుండా నీరు పోస్తే అది బురదై పోగుల సందులలోకి దిగుతుంది. తరువాత మంచినీటితో తడిపి, గోరువెచ్చని నీటిలో కలిపిన తేలికపాటి సబ్బు ద్రావణాన్ని పోసి పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. మురికిని వదిలించేది ఈ నానడమే. రుద్దడం దానికి తోడు మాత్రమే. చాలామంది నానే వ్యవధి ఇవ్వక బలమంతా బ్రష్ మీద చూపుతారు. ఆ బలానికి ముందుగా తెగేది మురికి కాదు, పోగు. మెత్తని బ్రష్‌తో పడుగు వెంట, పేక వెంట తేలికగా రుద్దితే చాలు. ఆపై సబ్బు జాడ లేకుండా అనేకసార్లు జాడించాలి. సబ్బు మిగిలితే రెండు నష్టాలు. కొత్త దుమ్మును అది అంటించుకుంటుంది. గుడ్డ మీద నీరు నిలవకుండా చేసే గుణాన్ని చెరుపుతుంది. చివరగా గుడ్డను దాని గుంజల మీదనే బిగించి గాలికి ఆరబెట్టడం మంచిది. తడి గుడ్డను మడిచి పడవ అడుగున పడవేస్తే కడిగిన శ్రమంతా వారం తిరగకముందే బూజుపాలవుతుంది.

ఈ పనికి ఏ సబ్బు తగినదనే ప్రశ్నకు మన ఊళ్ళలోనే సమాధానం ఉంది. కుంకుడుకాయలోని సాపోనిన్ అనే పదార్థం నీటిలో నురగనిచ్చి మురికిని వదిలిస్తుంది, రంగును కలతపెట్టదు. పట్టుచీరలకు, ఉన్నిబట్టలకు పెద్దలు కుంకుడురసాన్ని వాడింది అందుకే. పాతకాలపు వస్త్రాలను కాపాడే ప్రదర్శనశాలల నిపుణులు కూడా మన దేశంలో దీనిని వినియోగించారు. దీనికి భిన్నమైనది చౌడు. రజకులు చాకిరేవులలో చౌడుమట్టి నీటిలో బట్టలను నానబెట్టి, ఉబ్బ వేసి, ఆవిరి పట్టించి, బండమీద బాది తెల్లగా తీసేవారు. చౌడులో ఉన్నది క్షారం. నూలుపోగు క్షారాన్ని తట్టుకుంటుంది. వేడి, క్షారం కలిసి జిడ్డును కరిగిస్తాయి. తెల్లని నూలుబట్టకు ఇంతకన్నా చక్కని పద్ధతి ఆనాడు లేదు. అయితే ఆ పద్ధతి తెల్లబట్ట కోసం పుట్టింది. రంగు గుడ్డను, పూత ఉన్న గుడ్డను ఉబ్బలో వేస్తే రంగూ పూతా రెండూ దిగుతాయి. తప్పు పద్ధతిది కాదు, అది దేనికి తగినదో తెలియక వాడినవారిది. ఏ ఇంటి బట్టకు ఏ రేవు పద్ధతి తగినదో రజకులకు తెలిసినంతగా నేటి సబ్బు ప్రకటనలకు తెలియదనడం అతిశయోక్తి కాదు.

తుప్పుమరకలకు నిమ్మరసం పనికివస్తుంది. ఇనుపగుంజల బోల్టుల దగ్గర పడే ఆ ఎర్రమరకలను నిమ్మలోని ఆమ్లం నెమ్మదిగా కరిగిస్తుంది. అయితే వెంటనే బాగా జాడించాలి, ఎందుకంటే నూలు క్షారాన్ని తట్టుకున్నట్టు ఆమ్లాన్ని తట్టుకోలేదు. నూనె మరకలను కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో తుడిచే అలవాటు మాత్రం మానవలసినది. ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డలో మెత్తదనాన్ని ఇచ్చే పదార్థాన్ని అవి లాగివేస్తాయి. అప్పటికి మరక పోయినట్టే ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ చోటు పెళుసై పగులుతుంది.

బ్లీచింగ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రంగు పోగులోనే కలిసి ఉన్న ఆక్రిలిక్ గుడ్డ మీది బూజుకు, తయారీదారు చెప్పిన పాళ్ళలో పలుచగా కలిపిన బ్లీచింగ్ ద్రావణం వాడవచ్చు. రంగు అద్దిన నూలుకు అది రంగునూ పోగునూ కూడా హరిస్తుంది; నైలాన్ దారాన్ని బలహీనపరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి. బ్లీచింగ్‌ను ఆమ్లాలతో గాని, మరుగుదొడ్లు కడిగే ద్రావణాలతో గాని కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా విషవాయువులే పుడతాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ప్రాణానికే ముప్పు తేగలవు. నిమ్మరసం పూసిన చోట జాడించకుండా బ్లీచింగ్ పోయడం కూడా ఈ కోవలోనిదే. ఇంకొక మాట. దిగువ మానేరు నీరు కరీంనగర్ పట్టణానికి తాగునీరు. పడవ నీటిలో ఉండగానే దాని మీద మేలుకట్టును సబ్బుతో, బ్లీచింగ్‌తో కడిగితే ఆ మురికినీరంతా పోయేది ఊరి మంచినీటిలోకే. గుడ్డను విప్పి, ఒడ్డుకు దూరంగా, నీరు నేలలో ఇంకే చోట కడగడం కొంత శ్రమే. ఆ శ్రమకు మినహాయింపు లేదు.

ఇక వెలియడం. ‘వాన వెలిసింది’ అన్నప్పుడు, ‘దేవుడు వెలిశాడు’ అన్నప్పుడు వినిపించే రూపమే ‘రంగు వెలిసింది’ అన్నప్పుడూ వినిపిస్తుంది. ఒకచోట ఆగిపోవడం, ఒకచోట బయటపడడం, మరొకచోట తరిగిపోవడం. మూడవది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు రంగంటే ఏమిటో తెలియాలి. ఒక పదార్థం తన మీద పడిన వెలుగులో కొంత భాగాన్ని మింగి, మిగిలినదాన్ని తిరిగి పంపుతుంది. అలా తిరిగి వచ్చినదే మన కంటికి రంగు. వెలుగును మింగే ఆ శక్తి రంజకద్రవ్యపు అణువులలోని ప్రత్యేకమైన బంధాల వరుస వల్ల వస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో శక్తి ఎక్కువ. గాలిలోని ప్రాణవాయువు, చెమ్మ తోడైనప్పుడు ఆ శక్తి బంధాలను తెంచివేస్తుంది. బంధం తెగిన అణువుకు వెలుగును మునుపటిలా మింగే గుణం ఉండదు, రంగు ఉండదు. వెలుగును మింగనిదే రంగు లేదు, మింగితే ఆ వెలుగే దానిని విరుస్తుంది. దీనికి ఏ సబ్బూ మందు కాదు. మురికి పైనుండి వచ్చి చేరినది, తొలగించవచ్చు. వెలిసిన రంగు లోపల విరిగిపోయినది, కడిగితే తిరిగిరాదు.

ఇది ప్రతి ఇంటిలో తెలిసిన విషయమే. తెల్లబట్ట మీద పడిన పసుపుమరక ఎంత ఉతికినా వదలదు. ఎండలో ఆరవేస్తే క్రమంగా మాయమవుతుంది. పసుపులోని రంజకద్రవ్యం వెలుగుకు నిలువలేదు. ఆదిలాబాద్ అడవులలో హోలీ నాటికి విరగబూసే మోదుగుపూల రంగు కూడా అంతే. కంటికి నిప్పులా ఉంటుంది, బట్ట మీద ఎక్కువకాలం ఉండదు. నీలి, మంజిష్ఠ వంటివి వీటికన్నా ఎంతో గట్టివి. 1856లో పెర్కిన్ కృత్రిమ రంజకద్రవ్యాన్ని తయారు చేసిన తరువాత, మంజిష్ఠ జాతి ఎరుపు 1860ల చివర, నీలి 1897 నాటికి కర్మాగారాల బాట పట్టాయి. రంగులు వేలసంఖ్యకు పెరిగాయి. వాటిలో ఏది ఎంత నిలుస్తుందో కొలవడానికి ఎనిమిది నీలి ఉన్నిపీలికల కొలమానం ఏర్పడింది. ఒకటవ పీలిక అన్నిటికన్నా త్వరగా వెలుస్తుంది. ఆపైన ప్రతి పీలికా తన ముందుదానికన్నా సుమారు రెండింతలు నిలుస్తుంది. పరీక్షించవలసిన గుడ్డను ఈ పీలికలతో పాటు వెలుగులో ఉంచి, ఏ పీలికతో సమానంగా వెలిసిందో చూసి దానికి ఆ అంకె ఇస్తారు. పడవ మేలుకట్టుకు ఏడో ఎనిమిదో అంకె రాని గుడ్డను కొనడం డబ్బు దండగ.

ఈ పరీక్షను చిన్నస్థాయిలో కళాశాలలోనే చేయవచ్చు. నాలుగైదు రకాల రంగు గుడ్డలను అట్టకు అంటించి, సగభాగాన్ని దళసరి కాగితంతో కప్పి, దక్షిణం వైపు ఎండ తగిలే గోడకు ఒక నెల తగిలించాలి. కాగితం తీసినప్పుడు మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపించే గుడ్డ ఏదో, కనిపించనిది ఏదో తెలిసిపోతుంది.

నిలకడలో ఇంత తేడా ఎందుకు వస్తుందంటే, రంగు గుడ్డలోకి చేరిన దారి వేరు కావడం వల్ల. గడపకు పూసిన పసుపును గీకితే కింద కర్ర కనిపిస్తుంది. పసుపుకొమ్మును ఎక్కడ విరిచినా పసుపే. నేసిన తరువాత రంగు వేసిన గుడ్డ గడప వంటిది. పోగు తీయకముందే, ముడి పదార్థం ద్రవంగా ఉన్నప్పుడే రంగును కలిపి తీసిన ఆక్రిలిక్ పోగు పసుపుకొమ్ము వంటిది. రెండవ రకం ధర ఎక్కువ, కాని ఏళ్ళ తరబడి రంగు నిలుపుకుంటుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద విస్తారంగా నేసే పాలిస్టర్ బట్టకు సాధారణంగా నేత తరువాతనే రంగు వేస్తారు. చీరకు, చొక్కాకు అది చక్కగా సరిపోతుంది. ఏడాదంతా ఆరుబయట ఉండే గుడ్డ అవసరం వేరు.

వెలిసిన దానికి తిరిగి రంగు వేయవచ్చా? నూలు కాన్వాసు అయితే వేయవచ్చు. అద్దకం తెలిసినవారి చేతిలో అది మళ్ళీ నాలుగేళ్ళ సేవ చేసినా చేయవచ్చు. పాలిస్టర్‌కు సుమారు 130 డిగ్రీల వేడి, దానికి తగిన ఒత్తిడి కావాలి; ఇంటి బకెట్లో జరిగే పని కాదు. ఈ కష్టం చూసి కొందరు గుడ్డ మీద నేరుగా పెయింటు పూస్తారు. దూరం నుండి కొత్తదిగా కనిపిస్తుంది. కాని పోగుల సందులు మూసుకుపోయి గుడ్డ బిర్రబిగుస్తుంది, మడతల దగ్గర పగులుతుంది. అంతకన్నా చెడుగు, కింద గుడ్డ చివికిన సంగతిని ఆ పూత కప్పిపుచ్చుతుంది. వెలిసిన మేలుకట్టు చూడడానికి బాగుండదు, అంతే. రంగు పూసిన చివికిన మేలుకట్టు ప్రమాదకరం.

రంగు వెలిసిన గుడ్డను ఏం చేయాలనే ప్రశ్న ఈ నేలకు పడవల వల్లనే వచ్చింది కాదు. తెలంగాణలో కులపురాణాలను పటాల మీద చిత్రించి, ఆ పటాన్ని విప్పుతూ కథ చెప్పే సంప్రదాయం ఉంది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇలా కథలు చెప్పేవారు. బట్టలుతికే రజకులకు కూడా మడేలు పురాణం అనే పటకథ ఉండడం ఇక్కడ గుర్తుకు రాదగిన విషయం. చేర్యాల నకాషీ చిత్రకారులు ఈ పటాలను తయారు చేసేవారు. ఖాదీగుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, దాని మీద బొమ్మలు వేసేవారు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పటం వెలిసి, పగిలిపోయినప్పుడు పాత పటం మీదనే మళ్ళీ రంగులు పూయడం కన్నా, దానిని చూసి కొత్త పటం రాయించుకోవడం ఆనవాయితీ. పాతదానిని మర్యాదగా నీటిలో నిమజ్జనం చేసేవారు. కథ కొత్త గుడ్డ మీద సాగిపోయేది.

ప్రదర్శనశాలకు చేరిన పటాల విషయంలో నియమం వేరు. అక్కడ పాత గుడ్డే సాక్ష్యం. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి సంస్థలలో వస్తువులను కాపాడే ప్రయోగశాలలు ఉన్నాయి. ఈ రంగంలోని నిపుణులు పోయిన రంగును ఊహించి పూయరు. ఉన్న రంగును నిలుపుతారు. అందుకే వస్త్రాలున్న గదులలో వెలుగు చాలా తక్కువ. సుమారు 50 లక్స్‌కు మించనివ్వరు. నడివేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుగు దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. అంటే పటానికి తగిలే వెలుగుకు రెండువేల రెట్లు మేలుకట్టు మీద పడుతుందన్నమాట. పడవ గుడ్డకు ప్రదర్శనశాల వైభోగం కుదరదు. కాని పడవ తిరగని నెలలలో దానిని విప్పి, పూర్తిగా ఆరబెట్టి, నీడలో చుట్టి పెడితే దాని ఆయుష్షు గణనీయంగా పెరుగుతుంది. ఏ రంగుల డబ్బా చేయలేని మేలు అది.

చివరిది చివకడం. ఎండ రంగును మాత్రమే విరిచి ఊరుకోదు. పోగును కూడా విరుస్తుంది. నూలుకు బూజు మరొక శత్రువు, అది పోగునే ఆహారంగా తింటుంది. పరీక్ష సులభం. ఎండ ఎక్కువగా తగిలే పైభాగాన రెండు బొటనవేళ్ళతో గుడ్డను అదిమి పక్కలకు లాగాలి. పటపటమని పోగులు తెగితే ఆ గుడ్డకు ఇక చికిత్స లేదు. అతుకు వేసినా అతుకు పక్కనే చిరుగుతుంది. చాలాసార్లు గుడ్డ గట్టిగానే ఉండి కుట్టుదారం ముందుగా చివుకుతుంది. అటువంటప్పుడు ఎండకు తట్టుకునే దళసరి దారంతో పాత రంధ్రాల వెంటనే మళ్ళీ కుట్టిస్తే సరిపోతుంది. దీనికి దర్జీ ఖర్చే గాని కొత్త గుడ్డ ఖర్చు ఉండదు.

చివికిన గుడ్డను పడవ మీద ఉంచడం పొదుపు కిందికి రాదు. చైత్ర వైశాఖాలలో సాయంత్రం వేళ ఉన్నట్టుండి లేచే గాలిదుమారం మేలుకట్టును తెరచాపలా పట్టుకుంటుంది. గుడ్డ ఒకవైపు చిరిగి మరొకవైపు బిగిసి ఉంటే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. వానకాలంలో మరొక ప్రమాదం. సాగిపోయిన గుడ్డ మధ్యలో గుంటపడి నీరు నిలుస్తుంది. ఒక చదరపు మీటరు మేర ఒక్క సెంటీమీటరు లోతున నీరు నిలిస్తే దాని బరువు 10 కిలోలు. గుంట లోతైన కొద్దీ ఆ బరువు పడవలో ఉన్నవారి తలలపైన పెరుగుతూ పోతుంది. పడవ ఊగినప్పుడు ఆ నీరంతా ఒక పక్కకు దొర్లుతుంది. కాబట్టి బాగుచేసిన మేలుకట్టును తిరిగి కట్టేటప్పుడు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా, ఎక్కడా వదులు లేకుండా బిగించడం అందం కోసం కాదు.

కట్టిన తరువాత కొద్దిగా నీరు చిలకరించి చూడాలి. తామరాకు మీద నీటిబొట్టులా చుక్కలు గుండ్రంగా నిలిచి జారిపోతే గుడ్డకు ఉన్న పూత ఇంకా పనిచేస్తున్నట్టు. చుక్క పరుచుకొని ఇంకిపోతే పూత అరిగింది. అప్పుడు గుడ్డ శుభ్రంగా, పొడిగా ఉండగా కొత్త పూత వేయాలి. నూలు కాన్వాసుకు మైనపు పూత, కృత్రిమ గుడ్డలకు సిలికోన్ పూత వాడుకలో ఉన్నాయి. ఫ్లోరిన్ ఉన్న పూతలు నీటిని బాగా నిలువరిస్తాయి. కాని వాటితో సంబంధం ఉన్న కొన్ని రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ళ తరబడి నశించకుండా ఉంటాయని తేలింది. వాటిలో ఒకటైన పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం తొలగించవలసిన పదార్థాల జాబితాలో చేర్చారు. తాగునీటి మీద తిరిగే పడవకు సిలికోన్ చాలు.

బాగుపడని గుడ్డను ఏం చేయాలి? మట్టిరంగులతో అద్దిన ఖాదీపటం నీటిలో కలిస్తే కలిసిపోయేది. పాలిస్టర్, ఆక్రిలిక్, ప్లాస్టిక్ టార్పాలిన్‌లు నీటిలో కలవవు. పొడిపొడిగా రాలి చేపల కడుపులోకి చేరతాయి. వాటిని నదికి అప్పగించే వీలు లేదు. పైభాగం చివికినా, అంచుల పక్కన నీడపడిన మూరెడు మేర గుడ్డ గట్టిగానే మిగిలి ఉంటుంది. దానిని కత్తిరించి కుట్టిస్తే తాళ్ళు, కొక్కేలు వేసుకునే సంచి అవుతుంది. కొత్త మేలుకట్టు చిరిగిననాడు అదే రంగు అతుకు కూడా అందులోనుంచే దొరుకుతుంది.